పెత్తనం ఎవరిది? జామియా బడి చెప్పే పాఠం

1935 మార్చి 1న ఢిల్లీ శివారు ఓఖ్లాలో జామియా మిలియా ఇస్లామియా కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి పనికి ఏ నాయకుణ్నో నవాబునో పిలవడం ఆనవాయితీ. జామియా మాత్రం తన విద్యార్థులందరిలోకీ చిన్నవాడైన అబ్దుల్ అజీజ్ చేత పునాదిరాయి వేయించింది. ముచ్చటగా ఉందని అక్కడితో వదిలేస్తే ఆ బడి అసలు సంగతి అందదు. అక్కడ కట్టుబాట్లకు లోటేమీ లేదు. ఒంటిమీద ఖద్దరు, వేళకు ప్రార్థన, హాస్టల్ నియమాలు అన్నీ ఉన్నాయి. అయినా ప్రాథమిక పాఠశాలలో ప్రాజెక్టు పద్ధతి తెచ్చిన అబ్దుల్ గఫార్ ముధోలీ పిల్లల బ్యాంకు, పిల్లల దుకాణం పెట్టించి వాటి బాధ్యత పిల్లలకే అప్పగించారు. దుకాణం నడపాలంటే కూడికలు రావాలి, సరుకు లెక్క తేలాలి, తేలకపోతే తోటివాళ్లకు జవాబు చెప్పుకోవాలి. అందరికీ ఒకే బట్టలు వేసినంత మాత్రాన పిల్లల సొంత బుద్ధి చచ్చిపోదు. ఏ నిర్ణయమూ వాళ్ల చేతిలో లేనప్పుడే చస్తుంది.

ఇదంతా త్యాగధనులు నడిపిన చిన్న బడికే చెల్లిందనే వాదన ఉంది. హైదరాబాదులో పుట్టి, 1926లో 29 ఏళ్లకే జామియా పగ్గాలు పట్టిన జాకిర్ హుసేన్, ఆయన సహచరులు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్లు పనిచేస్తామని మాట ఇచ్చింది నిజమే. 1937లో వార్ధా విద్యా ప్రణాళిక కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న ఆ ఆలోచన ప్రభుత్వ పథకమయ్యేసరికి చాలాచోట్ల తకిలి తిప్పే పీరియడ్‌గా మిగిలింది. ఢిల్లీలోని సీబీఎస్ఈకీ అదే అనుభవం. పరీక్షల బరువు దించాలని సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) తెచ్చి, 2011 నుంచి పదో తరగతి బోర్డు పరీక్షను ఐచ్ఛికం చేసింది. పిల్లలు చేయాల్సిన ప్రాజెక్టులు అమ్మానాన్నల నెత్తిన పడ్డాయి. 2018లో బోర్డు పరీక్ష మళ్లీ తప్పనిసరైంది. ఈ రెండుచోట్లా స్వేచ్ఛను సర్క్యులర్‌లో రాసి పంపారు గానీ, నిర్ణయాధికారం టీచరు దాకా కూడా రాలేదు, ఇక పిల్లల దాకా ఎలా వస్తుంది? కాబట్టి ఆ వైఫల్యాన్ని స్వేచ్ఛ ఖాతాలో రాయడం న్యాయం కాదు.

యూనిఫాం పేదింటి పిల్లల చిరుగులను కప్పుతుందని, ఉమ్మడి పరీక్ష సర్కారు బడి పిల్లలకూ ప్రైవేటు బడి పిల్లలకూ ఒకే కొలబద్ద అవుతుందని అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట కొట్టిపారేయలేం. కానీ ఖద్దరు విప్పించకుండానే జామియా పిల్లలకు పెత్తనం ఇచ్చింది. పైగా అది డబ్బున్న సంస్థేమీ కాదు. అందుచేత ఇవాళ రాజధానిలో ఏ బడినైనా అడగాల్సింది ఒక్కటే: నీ పిల్లలు తప్పు చేసి, తామే దిద్దుకోగల పని ఒక్కటైనా వాళ్ల చేతిలో పెట్టావా?