ఉక్కు నగరంలో ఒంటి బరువు



వ్యాయామం అనగానే మీలో చాలామందికి అద్దాల గోడలు, ఇనుప బిళ్లలు, నెలనెలా కట్టే రుసుము గుర్తుకొస్తాయి. ఊళ్లో జిమ్ లేనివారు, రుసుము కట్టలేనివారు తమకు ఆ అవకాశం లేదనుకుంటారు. నిజానికి మనలో ప్రతి ఒక్కరూ పుట్టుకతోనే ఒక బరువును వెంట తెచ్చుకున్నాం. అదే మన ఒంటి బరువు. దాన్ని ఎత్తడం, దించడం, మోస్తూ నడవడం కూడా వ్యాయామమే. ఇలాంటి వ్యాయామానికి మన దినచర్యలో ఎంత చోటు ఇవ్వాలి? దానికి ఏమేమి కావాలి? ఈ విషయాలు తెలుసుకోవడానికి ఒక ఊరి చరిత్ర మనకు ఉపకరిస్తుంది. విచిత్రమేమిటంటే అది ఇనుముతోనే పేరు తెచ్చుకున్న ఊరు. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్.

ముందుగా కొంత వెనక్కి వెళదాం. మన దేశంలో మల్లయోధులు శతాబ్దాలుగా దండీలు, బస్కీలు తీస్తూ ఒళ్లు గట్టిపరుచుకున్నారు. మహారాష్ట్రలో నిలువు స్తంభం మీద చేసే మల్లఖంబం వర్ధిల్లింది. మన తెలుగు పల్లెల్లో తాలింఖానాలు, సాము గరిడీలు ఉండేవి. ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో సూర్యనమస్కారాలకు విశేష ప్రచారం కల్పించారు. అదే కాలంలో ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకుని దేశాన్ని ఆశ్చర్యపరిచిన కోడి రామమూర్తి నాయుడు, సర్కస్‌లోకి రాకముందు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడు. ఈ సాధనలన్నింటికీ ప్రధానమైన పరికరం ఒక్కటే, సాధకుడి శరీరం.

ఇక జంషెడ్‌పూర్ సంగతి. జంషెట్జీ టాటా 1902లో తన కుమారుడు దొరాబ్జీకి ఒక లేఖ రాశారు. అప్పటికి కర్మాగారం లేదు, ఊరూ లేదు. రాబోయే ఆ పట్టణంలో వీధులు విశాలంగా ఉండాలనీ, నీడనిచ్చే చెట్లు నాటాలనీ, ఫుట్‌బాల్, హాకీ ఆటలకూ ఉద్యానాలకూ ఎక్కువ స్థలం కేటాయించాలనీ అందులో సూచించారు. ఆయన 1904లో మరణించారు. సాక్చి గ్రామం వద్ద 1908లో నిర్మాణం మొదలైంది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. ఉపాధి వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. మన ఉత్తర కోస్తా జిల్లాల వారూ రైలెక్కి వెళ్లారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం తెలుగువారి ఉనికికి నేటికీ గుర్తుగా నిలిచి ఉంది.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. కొలిమి ముందు రోజంతా చెమటోడ్చే కార్మికుడికి వేరే వ్యాయామం ఎందుకు? శ్రమకూ వ్యాయామానికీ తేడా ఉంది. శ్రమలో అదే కదలిక గంటల తరబడి సాగుతుంది, కొన్ని కండరాలే అరిగిపోతాయి, ఎప్పుడు ఆగాలో మన చేతిలో ఉండదు. వ్యాయామంలో కదలికకు కొలత ఉంటుంది, దాని తరువాత విశ్రాంతి ఉంటుంది. కండరం బలపడేది ఆ విశ్రాంతిలోనే. అందుకే టాటా ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం రావడాన్ని ఆరోగ్య చరిత్రలో కూడా ఒక ఘట్టంగా చూడాలి. 

తండ్రి సూచించిన క్రీడాభిలాషను దొరాబ్జీ మరింత ముందుకు తీసుకువెళ్లారు. పుణెలో డెక్కన్ జింఖానా పోటీల్లో రైతు కుటుంబాల యువకులు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తడం ఆయన గమనించారు. ఏ సదుపాయమూ లేని ఆ కాళ్లలో ఆయనకు దేశ సామర్థ్యం కనిపించింది. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు కొద్దిమంది అథ్లెట్లనూ, ఇద్దరు మల్లయోధులనూ పంపించడంలో ఆయన ముఖ్యపాత్ర వహించారు. 1927లో భారత ఒలింపిక్ సంఘానికి తొలి అధ్యక్షుడయ్యారు.

జంషెడ్‌పూర్‌లో 1939లో కీనన్ స్టేడియం, 1991లో జె.ఆర్.డి. టాటా క్రీడా సముదాయం వచ్చాయి. అయితే మన పాఠానికి మరింత దగ్గరైన ఉదాహరణ పర్వతారోహణ. 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్. అదే ఏడాది జంషెడ్‌పూర్‌లో ఏర్పడిన టాటా స్టీల్ సాహస సంస్థకు ఆమె దశాబ్దాల పాటు నేతృత్వం వహించారు. ఆ ఊరి గృహిణి ప్రేమలతా అగర్వాల్ ముప్పై అయిదేళ్లు దాటాక, పక్కనే ఉన్న దల్మా కొండల నడకతో ఈ మార్గంలోకి వచ్చారు. 2011లో 48 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కారు. 2013 నాటికి ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలనూ పూర్తిచేశారు. కొండ ఎక్కడమంటే మరేమిటి? ఒంటి బరువును అడుగడుగునా పైకి చేర్చడమే.

ఇప్పుడు కొంచెం భౌతికశాస్త్రం. దండీ తీసేటప్పుడు మీ శరీరం ఒక తులాదండం, కాలివేళ్లు ఆధారబిందువు. 50 కిలోల విద్యార్థి చేతుల మీద పడే భారం దాదాపు 32 కిలోలు. మోకాళ్లు నేలకు ఆనిస్తే అది సుమారు 25 కిలోలకు తగ్గుతుంది. చేతులను రెండడుగుల ఎత్తున్న అరుగు మీద ఉంచితే దాదాపు 20 కిలోలే. చేతులు నేల మీదే ఉంచి పాదాలను అరుగు మీద పెడితే 37 కిలోలకు పెరుగుతుంది. శరీరం అదే, బరువు అదే. మారింది భంగిమ మాత్రమే. కండరం బలపడాలంటే భారం క్రమంగా పెరగాలన్నది వ్యాయామశాస్త్రపు మూలసూత్రం. ఇనుప బిళ్లలు లేకుండానే ఆ సూత్రాన్ని ఇలా పాటించవచ్చు. గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టి, అరుగు మీదికి, ఆపైన నేల మీదికి రండి.

దీనికి పరిమితులూ ఉన్నాయి. దండీలు తోసే కండరాలకు పని చెబుతాయి కానీ, లాగే కండరాలకు పెద్దగా చెప్పవు. అందుకు గట్టి కడ్డీనో, చెట్టుకొమ్మనో పట్టుకుని వేలాడాలి, పైకి లేవాలి. బస్కీలు అలవాటైపోయాక కాళ్లకు భారం చాలదు. అప్పుడు మెట్లెక్కడం, ఒంటికాలి బస్కీలు, చివరికి బరువులు కూడా ఉపయోగపడతాయి. గుండెకూ ఊపిరితిత్తులకూ నడక, పరుగు, ఆటలు ఉండవలసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్లవారు రోజుకు సగటున 60 నిమిషాలు చురుకైన శారీరక శ్రమ చేయాలి. వారానికి కనీసం 3 రోజులు కండరాలనూ ఎముకలనూ బలపరిచే వ్యాయామం ఉండాలి. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి శ్రమ, కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం చేయాలి. ఈ కండరాల వ్యాయామానికి ఒంటి బరువే మంచి పునాది. అయితే పునాదే మొత్తం ఇల్లు కాదు.

చివరిగా ఒక మాట. మన బడుల్లో తప్పు చేసిన పిల్లలచేత గుంజీలు తీయించే అలవాటు ఉండేది. కాళ్లకు బలాన్నిచ్చే చక్కటి కదలికను మనం అవమానంగా మార్చాం. ఇంకొకవైపు ఆటస్థలాల్లో గదులు కడుతున్నాం, ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చేస్తున్నాం, ఆడపిల్లలను మైదానం అంచున నిలబెడుతున్నాం. ఒంటి బరువుతో చేసే వ్యాయామానికి డబ్బు అక్కరలేదన్నది నిజమే. కానీ కాళ్లూ చేతులూ చాచుకునేంత చోటు కావాలి, తనదంటూ కొంత తీరిక కావాలి. ఊరు పుట్టకముందే ఆటలకు స్థలం అడిగిన 1902 నాటి లేఖ, 1912 నాటి ఎనిమిది గంటల పనిదినం మనకు గుర్తుచేసేవి ఈ రెండింటినే. మీ బడిలో, మీ వీధిలో ఆ రెండూ ఎంతమందికి దక్కుతున్నాయో లెక్కించి చూడండి. దక్కనివారి కోసం అడగండి. మీ వంతుగా రేపు ఉదయం ఓ పది బస్కీలతో మొదలుపెట్టండి.