మేలుచేయు సూక్ష్మజీవులు: నోటికి వేరు, ప్రేవులకు వేరు

హాలెండు దేశములోని డెల్ఫ్ట్ పట్టణమున పదునేడవ శతాబ్దమున ఆంటొని వాన్ లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు నివసించుచుండెను. ఆయనకు విశ్వవిద్యాలయపు చదువు లేదు. కాని చిన్న చిన్న కటకములను స్వయముగ తయారుచేసికొని, చేతికందిన ప్రతి వస్తువును వానితో పరిశీలించు అలవాటుండెను. 1681లో విరేచనములు పట్టుకొన్నప్పుడు ఆయన తన మలమును కూడ కటకము క్రింద ఉంచి చూచి, అందులో కదలుచున్న సూక్ష్మప్రాణులను వర్ణించెను. 1683 సెప్టెంబరు 17వ తేదీన లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసిన లేఖలో, పండ్ల సందులలోని పాచియందు కనిపించిన జీవులను గూర్చి తెలిపెను. ఆయన ప్రతి ఉదయము ఉప్పుతో పండ్లు తోముకొనువాడు. అయినను తన నోటిలోని ప్రాణుల సంఖ్య తన దేశపు జనసంఖ్యను మించియున్నదని ఆయన లెక్క.

ఈ విధముగ నోటిలోని జీవులను, ప్రేవులలోని జీవులను మొట్టమొదట చూచినవాడు ఒక్కడే. కాని తరువాతి కాలమున ఈ రెండు స్థలములను గూర్చిన పరిశోధన రెండు దారులు పట్టినది. ఒక దారిలో ఆమ్లమును పుట్టించు బాక్టీరియా మిత్రులని తేలినవి. రెండవ దారిలో అవియే శత్రువులని తేలినవి. నేడు అంగళ్ళలో ప్రోబయాటిక్కులను పేరుతో అమ్ముడగు పదార్థములు కొన్ని నోటికొరకును, కొన్ని ప్రేవులకొరకును వేరువేరుగ ఎందుకున్నవో తెలియవలెనన్న ఈ రెండు దారుల చరిత్ర తెలియవలెను.

ప్రేవులలో మిత్రులు

1885లో మ్యూనిక్ నగరమున థియోడర్ ఎషెరిక్ అను శిశువైద్యుడు పసిపిల్లల మలమునుండి ఒక బాక్టీరియమును వేరుచేసి వర్ణించెను. అది తరువాత ఆయన పేరుతోనే ఎషెరిషియా కోలై అని ప్రసిద్ధి చెందినది. పారిస్ నగరములోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే అను పరిశోధకుడు 1900 ప్రాంతమున, తల్లిపాలు త్రాగు శిశువుల ప్రేవులలో కొసలు రెండుగ చీలిన కఱ్ఱలవంటి బాక్టీరియా విస్తారముగ ఉండుటను గమనించెను. బిఫిడోబాక్టీరియా అనునవి ఇవియే.

అదే సంస్థలో పనిచేయుచున్న రష్యా శాస్త్రజ్ఞుడు ఎలీ మెచ్నికాఫ్ ఒక సాహసమైన సిద్ధాంతమును లేవదీసెను. పెద్దప్రేవులో ఆహారశేషము కుళ్ళి విషములు పుట్టుచున్నవనియు, అవి ముసలితనమును త్వరితపరచుచున్నవనియు ఆయన భావించెను. బల్గేరియా పల్లెవాసులు పులిసిన పాలు త్రాగి దీర్ఘకాలము జీవించుచున్నారని విని, ఆ పాలలోని లాక్టికామ్లము కుళ్ళు పుట్టించు క్రిములను అణచుచున్నదని 1907లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. 1908లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది రోగనిరోధశక్తిపై చేసిన పరిశోధనకే గాని, పులిసిన పాల సిద్ధాంతమునకు కాదు. అయినను ఆ బహుమానముతో వచ్చిన కీర్తి ఈ సిద్ధాంతమునకును వ్యాప్తి కలిగించెను.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున రెట్గర్, చెప్లిన్ అను వారు ఈ వాదమును పరీక్షించి 1921లో ఫలితములను గ్రంథరూపమున వెలువరించిరి. బల్గేరియా పాలలోని బాక్టీరియము మనుష్యుని ప్రేవులలో నిలువజాలదని వారు కనుగొనిరి. దానికి బదులు లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ అను దానిని వాడుట మేలని సూచించిరి. మేలుచేయు జీవి యైనను, అది పనిచేయవలసిన చోటికి ప్రాణముతో చేరవలెను, కొంతకాలమైనను అక్కడ నిలువవలెను అను నియమము ఈ పరిశోధనతో స్పష్టమైనది.

జపానులో మినోరు షిరోటా ఈ నియమమునే దృష్టిలో ఉంచుకొని, జఠరరసమును పైత్యరసమును తట్టుకొని ప్రేవులకు చేరగల ఒక లాక్టోబాసిల్లస్ తెగను 1930లో ఎన్నుకొని పెంచెను. 1935లో అది యాకుల్ట్ అను పానీయముగ అమ్మకమునకు వచ్చెను.

నోటిలో శత్రువులు

రెండవ దారి దంతవైద్యులది. బెర్లిన్ నగరమున పనిచేసిన అమెరికా దంతవైద్యుడు విలబీ మిల్లర్ ఊడదీసిన పండ్లను లాలాజలములో రొట్టెముక్కలతో కలిపి ఉంచి చూచెను. పండ్లు మెత్తబడినవి. లాలాజలమును ముందుగ మరగించి ఉంచినచో మెత్తబడలేదు. కాబట్టి నోటిలోని సజీవులైన బాక్టీరియా పిండిపదార్థమును ఆమ్లముగ మార్చుచుండుటయే పిప్పిపన్నుకు కారణమని ఆయన 1890లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను.

ఆ బాక్టీరియా ఏవి? 1922లో లండనులో మెకింటాష్ మొదలగువారు పిప్పిపండ్లనుండి ఆమ్లమును పుట్టించు కఱ్ఱలవంటి జీవులను వేరుచేసిరి. అవి అసిడోఫిలస్‌కు దగ్గరి బంధువులని వారు తలచిరి. కాలక్రమము గమనింపదగినది. అట్లాంటిక్ సముద్రమునకు ఒక ఒడ్డున అసిడోఫిలస్ పాలు ఆరోగ్యపానీయముగ ప్రచారమునకు వచ్చుచున్న కాలముననే, రెండవ ఒడ్డున ఆ కుటుంబమే పండ్లను నాశనము చేయుచున్నదని నేరము మోపబడినది.

రెండు పక్షములవారును పొరపడలేదు. భేదము జీవిలో లేదు, అది నివసించు చోటులో ఉన్నది. పెద్దప్రేవులో పుట్టిన లాక్టికామ్లమును అక్కడి ఇతర బాక్టీరియా ఆహారముగ గ్రహించి వేరు పదార్థములుగ మార్చుచుండును. ప్రేవుగోడకు జిగురుపొర రక్షణగ ఉండును; ఆ గోడలోని పైకణములు కొలది దినములకే రాలి, క్రొత్తవి వచ్చుచుండును. పంటికి ఈ సదుపాయము లేదు. దాని పైనున్న పింగాణిపొర ఒకసారి పోయినచో తిరిగి పెరుగదు. పాచి క్రింద ఆమ్లము నిలిచి, అచ్చట పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గినచో పింగాణిలోని ఖనిజము కరగనారంభించును.

1924లో క్లార్క్ అను పరిశోధకుడు పిప్పిపండ్లలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అను వేరొక బాక్టీరియమును వర్ణించెను. దానిని చాలకాలము ఎవరును లెక్కచేయలేదు. 1954లో ఓర్లాండ్ మొదలగువారు, క్రిములు బొత్తిగ లేకుండ పెంచిన ఎలుకలకు చక్కెర ఎంత తినిపించినను పండ్లు పుచ్చవని చూపిరి. 1960లో కీస్, ఫిట్జెరాల్డ్ అనువారు స్ట్రెప్టోకాకస్ జీవులవలన ఈ వ్యాధి ఒక జంతువునుండి మరియొక జంతువుకు సోకునని ఋజువుచేసిరి. అటుపిమ్మటనే మ్యూటాన్స్ ముఖ్యకారణముగ పరిగణింపబడెను. లాక్టోబాసిల్లస్‌లు అప్పటికే పడిన గుంటలలో చేరి వానిని లోతుచేయునని నేటి అవగాహన.

నోటికొరకు వేరు వెదకులాట

నోటికి మేలుచేయు జీవిని వెదకినవారిలో న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ టాగ్ ముఖ్యుడు. ఆయన బాల్యములో కీళ్ళవాత జ్వరమునకు గురియై చాల సంవత్సరములు పెన్సిలిన్ వాడవలసివచ్చెను. గొంతునొప్పిని కలిగించు ఒక స్ట్రెప్టోకాకస్ క్రిమి సోకిన పిమ్మట కొందరు పిల్లలకు ఈ జ్వరము వచ్చును. అది గుండె కవాటములను చెరచును. కొందరు పిల్లలకు ఆ గొంతునొప్పి అసలు రాకుండుటకు కారణము వారి నాలుకమీదనే ఉండవచ్చునని టాగ్ ఊహించెను.

స్ట్రెప్టోకాకస్ సలివేరియస్ అను బాక్టీరియము శిశువు పుట్టిన కొలది దినములలోనే నాలుకపై నివాసమేర్పరచుకొనును. ఆరోగ్యవంతులైన పిల్లల నోళ్ళనుండి వేరుచేసిన తెగలలో కె-12 అని గుర్తు పెట్టిన ఒకటి సలివేరిసిన్ అను పదార్థములను స్రవించి, గొంతునొప్పి క్రిమిని చంపగలిగెను. ప్రేవులకొరకు ఎన్నుకొన్న తెగకు కావలసిన మొదటి గుణము జఠరరసమును తట్టుకొనుట. ఈ తెగకు కావలసినది నాలుకను పట్టుకొని, లాలాజలముతో కొట్టుకొనిపోకుండ నిలుచుట. దినమునకు సుమారు ఒక లీటరు లాలాజలము ఊరుచు, మ్రింగబడుచుండు నోటిలో ఇది సామాన్యమైన పని కాదు.

అందుచేతనే వీని వాడుకయు వేరు. ప్రేవుల ప్రోబయాటిక్కు కాప్స్యూలుగనో పానీయముగనో మ్రింగబడును. కాప్స్యూలులోనిది నోటిని తాకనైన తాకదు. నోటి ప్రోబయాటిక్కు మెల్లగ చప్పరించు బిళ్ళగ, పండ్లు తోముకొన్న పిమ్మట ఇవ్వబడును. దానిని గటుక్కున మ్రింగినచో ప్రయోజనము లేదు.

2001లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు ఆర్జెంటీనాలోని కార్డొబా నగరమున సమావేశమై ప్రోబయాటిక్కునకు నిర్వచనము చెప్పిరి. తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు ఆతిథ్యమిచ్చిన ప్రాణికి ఆరోగ్యలాభము కలిగించు సజీవ సూక్ష్మజీవులు అని దాని భావము. ఇందులో ఏ అవయవమును పేర్కొనకుండుట గమనింపదగినది.

రెండింటికి నడుమ గోడ పూర్తిగ కట్టలేమని అదే సంవత్సరము తెలిసినది. హెల్సింకీలో 1 మొదలు 6 ఏండ్ల వయస్సుగల 594 మంది శిశువిహార బాలురకు, బాలికలకు 7 నెలలపాటు పాలు ఇచ్చి పరీక్షించిరి. కొందరి పాలలో జి.జి. అను లాక్టోబాసిల్లస్ తెగ కలుపబడినది. అది ప్రేవులకొరకు ఎన్నుకొన్న తెగ. అయినను ఆ పాలు త్రాగినవారిలో పిప్పిపండ్లు కొంత తక్కువయ్యెను. ఈ తెగ చెరకు చక్కెరను పులియబెట్టజాలదు. పండ్లకు చేటు చేయు గుణము దానికి తక్కువగ ఉండుటకు అది యొక కారణము.

తేలినది, తేలవలసినది

ఇంతవరకు ఫలితములు మిశ్రమముగ ఉన్నవి. కె-12 బిళ్ళలను న్యూజిలాండు పాఠశాలల పిల్లలకిచ్చి జరిపిన పెద్ద పరీక్ష ఫలితములు 2018లో వెలువడినవి. గొంతునొప్పులు గణనీయముగ తగ్గినట్లు అందు తేలలేదు. ప్రేవుల విషయమునను 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘము, పలు జీర్ణవ్యాధులలో ప్రోబయాటిక్కులను సిఫారసు చేయుటకు తగిన ఆధారములు లేవనియు, కొన్ని ప్రత్యేక సందర్భములలో మాత్రమే వానివలన మేలుండవచ్చుననియు తెలిపెను. ప్రయోగశాల పాత్రలో ఒక క్రిమి మరియొక క్రిమిని చంపుట వేరు. కోట్లకొలది జీవులు ముందే ఆక్రమించుకొన్న నోటిలోనో ప్రేవులోనో అదే పని చేయుట వేరు.

కాబట్టి బిళ్ళ గాని పానీయము గాని మంచిదా అని అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. అందులోని తెగ ఏది? అది దేహములో ఏ చోట పనిచేయవలెను? ఆ చోటున, ఆ వ్యాధికి, మనుష్యులపై దానిని పరీక్షించి చూచిరా? ఇండ్లలో తోడువేసిన పెరుగుకును ఈ ప్రశ్నలు వర్తించును. పెరుగు మంచి ఆహారము. కాని తోడులోని జీవులు ఇంటింటికి మారుచుండును గనుక దానిని ఒక వ్యాధికి నిర్ణీతమైన మందని చెప్పరాదు. అందులో చక్కెర కలుపుకొని తిని నోరు కడుగకుండ నిద్రించు బాలుని ప్రేవులకు కలుగు మేలెంతయో గాని, ఆ రాత్రి వాని పండ్లపైనున్న పాచికి మాత్రము మంచి విందు దొరకును.