కనుమరుగు చోటు: లారీ అద్దముల కథ

మన రోడ్లపై తిరుగు లారీల వెనుక ‘హారన్ ప్లీజ్’ అని రంగులతో వ్రాసి యుండుట చదువరులందరకును తెలిసినదే. దానిని మనము అలంకారముగా భావించి నవ్వుకొందుము. కాని దాని అర్థమును కొంచెము ఆలోచింపుడు. ‘వెనుక నున్న నీవు నాకు కనబడకపోవచ్చును; కావున చప్పుడు చేసి నీ రాకను తెలుపుము’ అని డ్రైవరు ముందుగానే ఒప్పుకొనుచున్నాడన్న మాట.

2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,68,491 మంది ప్రమాదములలో మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవువారే. ఈ మరణములకు కారణములు అనేకములు. వానిలో ఒక రకపు ప్రమాదము విచిత్రమైనది. లారీ ప్రక్కన పోవు మోటారుసైకిలువాడు, ‘ఇంత దగ్గరగా నున్నానే, డ్రైవరు నన్ను చూడకుండునా?’ అనుకొనును. డ్రైవరు అద్దములోనికి చూచి, ‘అక్కడ ఎవరును లేరు’ అనుకొనును. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. వారిద్దరి నడుమ నున్నది ఒక కనుమరుగు చోటు. దాని చరిత్రను తెలిసికొందము.

కంటిలోని అంధబిందువు

చూపులో ఇట్టి లోపమొకటి ఉన్నదని మొదట తెలిసినది రోడ్డుమీద కాదు, కంటిలోనే. 1660 ప్రాంతమున ఎడ్మే మారియోట్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. కంటినుండి దృక్ నాడి వెలుపలికి పోవు చోట వెలుతురును గ్రహించు కణములు లేవు. ఆ చోటనే అంధబిందువు అందురు. దీనిని మీరే పరీక్షింపవచ్చును. కాగితముపై ఒక కూడిక గుర్తును, దానికి కుడివైపున 8 సెంటీమీటర్ల దూరమున ఒక చుక్కను పెట్టుడు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కూడిక గుర్తునే చూచుచు కాగితమును ముందుకును వెనుకకును జరుపుడు. కాగితము ఇంచుమించు 30 సెంటీమీటర్ల దూరమున ఉన్నపుడు చుక్క మాయమగును.

ఇక్కడ గమనింపదగిన దేమనగా, చుక్క పోయిన చోట నల్లని రంధ్ర మేదియు కనబడదు. తెల్లని కాగితమే కనబడును. చూపులో లోటు ఉన్నదన్న సంగతియే మనకు తోచదు. వాహనపు కనుమరుగు చోటునకు కారణము వేరు. అది కంటివలన కాక వాహనపు ఆకారమువలన కలుగును. కాని ఈ గుణము మాత్రము రెంటికిని సమానము. ఖాళీ అద్దమును చూచిన డ్రైవరునకు ఖాళీ రోడ్డే తోచును.

మనిషి పోయి అద్దము వచ్చినది

తొలినాటి మోటారు కార్లకు వెనుకకు చూచు అద్దములు లేవు. 1909లో డొరొతీ లెవిట్ అను ఆంగ్ల వనిత స్త్రీల కారు నడపకమును గూర్చి వ్రాసిన పుస్తకములో, ఒక చేతి అద్దమును దగ్గర నుంచుకొని, అవసరమైనపుడు పైకెత్తి వెనుక వచ్చు వాహనములను చూచుకొనుమని సలహా ఇచ్చెను.

1911 మే 30న అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున మొదటి 500 మైళ్ల కార్ల పందెము జరిగెను. ఆనాటి పందెపు కార్లలో డ్రైవరు ప్రక్కన ఒక మెకానిక్కు కూర్చుండి, వెనుకనుండి ఎవరు వచ్చుచున్నారో చెప్పుచుండెడివాడు. రే హారూన్ అను నతడు మాత్రము ఒక్కడే కూర్చుండు కారుతో వచ్చెను. వెనుక చూచువాడు లేకుండుట ప్రమాదమని ఇతరులు అభ్యంతరము చెప్పిరి. అందుపై హారూన్ తన కారునకు ఒక అద్దము బిగించుకొనెను. గంటకు దాదాపు 120 కిలోమీటర్ల సగటు వేగముతో పందెమును గెలిచెను. కాని ఇటుకలు పరచిన ఆ బాటపై కారు అదరుటచే అద్దములో సరిగా ఏమియు కనబడలేదని తరువాతి కాలమున ఆయనయే చెప్పెను!

ఈ కథలో ఒక పాఠమున్నది. మనిషిని తీసివేసి ఆ స్థానమున అద్దమును పెట్టినపుడు, మనిషి చేసిన పని యంతయు అద్దము చేయునని తలచుట పొరపాటు. పందెపు కారులో మెకానిక్కు చేసిన పనినే మన లారీలలో క్లీనరు చేయుచు వచ్చెను. ఎడమ వైపున కూర్చుండి, తలుపుపై చేతితో చరచుచు, ‘రానీ, రానీ’ అనియు, ‘ఆపు, ఆపు’ అనియు అతడు వేయు కేకలు డ్రైవరునకు రెండవ జత కన్నుల వంటివి. క్లీనరు లేని లారీ ఎడమ కన్ను లేని లారీయే.

అద్దపు లెక్క

అద్దమును పెద్దది చేసినచో సరిపోదా యని విద్యార్థులు అడుగవచ్చును. మన దేశమున డ్రైవరు కుడివైపున కూర్చుండును. ఎడమ అద్దము అతని కంటికి సుమారు 2 మీటర్ల దూరమున నున్నదనుకొందము. 20 సెంటీమీటర్ల వెడల్పుగల సమతల దర్పణము ఆ దూరమునుండి దాదాపు 6 డిగ్రీల మేరను మాత్రమే చూపగలదు. అందుచేతనే కుంభాకార దర్పణమును వాడుదురు. అది ఎక్కువ మేరను చూపును. కాని బింబమును చిన్నది చేయును.

ఎంత చిన్నది? వక్రతా వ్యాసార్ధము 1200 మిల్లీమీటర్లుగల దర్పణమును తీసికొందము. దాని నాభ్యంతరము 0.6 మీటరు. అద్దమునకు 12 మీటర్ల వెనుక నున్న మోటారుసైకిలు బింబము అసలు పరిమాణములో 21వ వంతు మాత్రమే యుండి, అద్దమునకు లోపల 0.57 మీటరు దూరమున ఏర్పడును. డ్రైవరు కంటికి ఆ మోటారుసైకిలు 54 మీటర్ల దూరమున నున్నంత చిన్నదిగా కనబడును. వ్యాసార్ధము 300 మిల్లీమీటర్లయినచో 174 మీటర్ల దూరమున నున్నట్లే తోచును. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయింపవచ్చును. మేర పెరిగినకొలది మనిషి చుక్క యగుచున్నాడు.

ఇక కిటికీ సంగతి. డ్రైవరు కన్ను నేలకు 2.5 మీటర్ల ఎత్తున, ఎడమ తలుపు కిటికీ క్రింది అంచు 2 మీటర్ల ఎత్తున, రెంటి నడుమ అడ్డదూరము 2 మీటర్లు ఉన్నవనుకొందము. సరూప త్రిభుజముల చేత లెక్కించినచో, తలుపునకు 2 మీటర్ల లోపల నున్న మోటారుసైకిలువాని తల, 1.5 మీటర్ల ఎత్తున నున్నదైనను, కిటికీనుండి కనబడదని తేలును.

ఆ చోటే అత్యంత ప్రమాదకరమైనది. లారీ ఎడమకు తిరుగునపుడు వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో పోవు. లోపలికి కోసికొని పోవును. ముందు, వెనుక ఇరుసుల నడుమ 5 మీటర్లుండి, ముందు చక్రము 12 మీటర్ల వ్యాసార్ధముతో తిరిగినచో, వెనుక చక్రము 1 మీటరునకు పైగా లోపలికి జరుగును. తనకు చోటున్నదని ఎడమనుండి దూరిన మోటారుసైకిలునకు ఆ చోటు క్షణములో లేకుండ పోవును.

చట్టములు వచ్చిన క్రమము

ఈ కనుమరుగు చోటును డచ్చివారు తమ భాషలో ‘చచ్చిన కోణము’ అందురు. సైకిళ్లు మిక్కుటముగా గల ఆ దేశమున, 2003 జనవరినుండి లారీలకు ఆ చోటును చూపు అద్దమును గాని కెమెరాను గాని తప్పనిసరి చేసిరి. 2007లో ఐరోపా సమాఖ్య, 2000 తరువాత నమోదైన పాత లారీలకు కూడ అద్దములు చేర్పింపవలెనని ఆదేశించెను. ఫ్రాన్సు దేశమున 2021 జనవరినుండి 3.5 టన్నులకు మించిన వాహనములపై కనుమరుగు చోటులను చూపు హెచ్చరిక బొమ్మలను అతికింపవలసి వచ్చినది.

కాని అద్దముల సంఖ్య పెరిగినకొలది డ్రైవరు చూడవలసిన చోట్లును పెరిగినవి. కన్నులు మాత్రము రెండే! ఒక అద్దమును చూచునపుడు మరియొకదానిని చూడలేడు గదా. అందుచే లండను నగరమున మరియొక మార్గము త్రొక్కిరి. కిటికీనుండి నేరుగా చూచినపుడు, అద్దములో చూచినదానికంటె డ్రైవరు సగటున 0.7 సెకండు ముందుగా స్పందించునని అక్కడి పరిశోధనలో తేలెను. గంటకు 24 కిలోమీటర్ల వేగమున అది 4.7 మీటర్ల దూరము. ఒక మనిషి ప్రాణమునకు చాలిన దూరము. 2021 మార్చి 1నుండి 12 టన్నులకు మించిన లారీలకు, డ్రైవరు నేరుగా ఎంత చూడగలడో కొలిచి, సున్న మొదలు 5 వరకు నక్షత్రములిచ్చి, చూపు చాలని వానిపై ఆంక్షలు విధించిరి. 2024 అక్టోబరులో ఈ నియమమును మరింత కఠినము చేసిరి.

ఈ మార్పును తక్కువగా చూడరాదు. ఒక శతాబ్దమునకు పైగా, ప్రమాదము జరిగినపుడు ‘డ్రైవరు చూడలేదు’ అనియో, ‘మోటారుసైకిలువాడు అడ్డము వచ్చెను’ అనియో తీర్పు చెప్పుచు వచ్చిరి. ‘చూచుటకు వీలులేనట్లు ఆ వాహనమును ఎందుకు కట్టిరి?’ అను ప్రశ్న ఆలస్యముగా పుట్టినది.

మన కర్తవ్యము

లారీలు మారు వరకు మనము ఊరకుండ నక్కరలేదు. కాంతి ఏ దారిని పోవునో ఆ దారినే తిరిగి రాగలదని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. కావున లారీ అద్దములో డ్రైవరు ముఖము మీకు కనబడనిచో, ఆ అద్దములో మీరును అతనికి కనబడరు. కనబడినను అతడు మిమ్ము చూచుచున్నాడని నమ్మరాదు. కూడలియందు లారీకి ఎడమ ప్రక్కన దూరరాదు. ముందు భాగమునకు ఆనుకొని నిలువరాదు.

ఉపాధ్యాయులు డ్రైవరు అనుమతితో, పాఠశాల ఆవరణలో ఇంజను ఆపి నిలిపిన లారీ చుట్టు విద్యార్థులను నిలువబెట్టి, డ్రైవరు స్థానమునుండి కనబడని చోట్లను సుద్దతో గీయించినచో మంచిది. తన స్నేహితులు పదిమంది ఒక లారీ ప్రక్కన మాయమగుటను ఒకసారి కన్నులార చూచిన విద్యార్థికి ఆ పాఠమును మరల చెప్ప నక్కరలేదు.