కాపలాదారునికి హద్దు

కంప్యూటరు యజమానికి తెలియకుండ చొరబడి హాని చేయునది వైరస్. దానిని దోషి యనుటలో వివాదము లేదు. కాని మరియొక జాతి ప్రోగ్రాములు అనుమతి పొందియే ప్రవేశించును. ఆ అనుమతి చిన్న అక్షరముల షరతులలో దాగియుండును. ఉచిత ప్రోగ్రాము వెంట వచ్చి, ప్రకటనలు చూపుట వీనిలో పెక్కింటి పని. అందుచేత వైరస్‌లను పట్టు రక్షణ సంస్థలు వీనిని ‘అవాంఛనీయములు కావచ్చును’ అను తరగతిలో చేర్చినవి.

అమెరికాలో జాంగో అను సంస్థ వీడియోలను, ఆటలను ఉచితముగా ఇచ్చి, బదులుగా ప్రకటనలు చూపు ప్రోగ్రామును కంప్యూటరులో చేర్చెడిది. కాస్పర్‌స్కీ సంస్థ దానిని అడ్డుకొనగా జాంగో దావా వేసినది. 2009లో అప్పీలు న్యాయస్థానము కాస్పర్‌స్కీ పక్షమున తీర్పు చెప్పినది. అభ్యంతరకరమని తాను భావించిన దానిని అడ్డుకొను సంస్థకు 1996 నాటి చట్టము రక్షణ ఇచ్చుచున్నదని తేలినది.

మరి ఆ స్వేచ్ఛకు హద్దు ఏది? 2016లో మాల్‌వేర్‌బైట్స్ సంస్థ తన ప్రమాణములను మార్చి, ఎనిగ్మా సంస్థవారి స్పైహంటరును ఆ తరగతిలో చేర్చినది. స్పైహంటరు కూడ రక్షణ ప్రోగ్రామే! పోటీదారును దెబ్బతీయుటకే ఇట్లు చేసిరని ఎనిగ్మా ఆరోపించినది. పోటీని అణచుటకై చేసిన నిరోధమునకు ఆ చట్టము రక్షణ నీయదని 2019లో అదే న్యాయస్థానము పలికినది. ఆరోపణ నిజమా, కాదా అనునది మాత్రము ఆ తీర్పులో తేల్చలేదు.

తెరపై హెచ్చరిక కనబడినంతనే ప్రోగ్రాము దోషి యని నమ్మరాదు, హెచ్చరికను త్రోసివేయనురాదు. ఏ లక్షణమును బట్టి అది వచ్చినదో విచారించుటయే విజ్ఞాన మార్గము.