నిత్యజీవితమున ధైర్యము



ధైర్యమనగానే మన మనస్సునకు ముందు తోచునవి కోటలు, కత్తులు, రణభేరులు. మన సీమయందు వీనికి కొదువలేదు. రాయదుర్గము కొండపై కోట యున్నది, గుత్తికోట యున్నది, పెనుకొండ యున్నది. విజయనగరరాజుల నాటినుండి పాలెగాండ్ర నాటివరకు కత్తి పట్టినవారి కథలు రచ్చబండలమీద నేటికిని వినబడుచునే యున్నవి. నేనీ ప్రసంగమున కత్తి పట్టనివారి ధైర్యమును గూర్చి మనవి చేయదలచితిని.

మా గుమ్మఘట్ట ప్రాంతము మెట్టభూమి. వాన నమ్మరానిది. హగరి యేరు ఏడాదిలో హెచ్చుభాగము ఇసుకయే. ఇట్టిచోట ఆకసమువంక చూచి వేరుసెనగ విత్తు నేలలో వేయు రైతు పిరికివాడని ఎవ్వరనగలరు? అయినను ఒక వింత కలదు. కరవునకు జంకనివాడు కచ్చేరి బంట్రోతునకు జంకును. పాముపుట్టల నడుమ రాత్రి నీరు కట్టువాడు పదిమందిలో నిలిచి ఒక నిజము చెప్పుటకు నోరాడక తల వంచుకొనును. ఈ రెండవ భయమును గెలిచినవారు మన జిల్లా చరిత్రలోనే యున్నారు.

మొదట హంపన్నను చెప్పుదును. ఈతడు గుంతకల్లునొద్ద రైలుగేటు కాపలాదారు. 1893వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన రైలులో వచ్చిన ఆంగ్లసైనికులు కొందరు ఇద్దరు స్త్రీలను చెరపట్ట యత్నించిరి. ఆ స్త్రీలు హంపన్న శరణు చొచ్చిరి. ఆతని చేత ఆయుధము లేదు. ఎదుట నున్నవారు దొరలజాతి సైనికులు. చేత తుపాకులు గలవారు. ఆతడు తొలగిపోలేదు, అడ్డు నిలిచెను. వారిలో నొకని గుండు తగిలి ప్రాణము లర్పించెను.

ఆ ధైర్యము ఆ క్షణమున ఎక్కడినుండి వచ్చెనని నే నాలోచించుచుందును. గేటు కాపలాదారు వృత్తియే “నిలువుము” అని చెప్పుట. తొందరపడు బండివానికిని, కసరు మోతుబరికిని ప్రతిదినము ఆ మాట చెప్పవలసినదే. దినదినము చిన్నవారికిని పెద్దవారికిని ఒకే తీరున అడ్డుకొయ్య దించిన చేయి, ఆ నాడు తుపాకికెదురుగను దించెనని నా యూహ. పెద్దధైర్యము ఆకసమునుండి ఊడిపడదు. చిన్నధైర్యముల అలవాటే అవసరము వచ్చినప్పుడు పెద్దధైర్య మగును.

ఇక రెండవవాడు పట్టు కేశవపిళ్లె. గుత్తిలో న్యాయవాది, 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసుమహాసభకు వెళ్లినవారిలో నొకడు, ‘హిందూ’ పత్రికకు గుత్తి విలేకరి. హంపన్న మరణము చప్పుడుకాక మరుగున పడిపోవుటకు వీలుండెను. చచ్చినవాడు పేదవాడు, చంపినవాడు దొర. కేశవపిళ్లె దానిని పత్రిక కెక్కించి పోరాడెను. ప్రభుత్వముతో పనిగల న్యాయవాదికి ఇది లాభమిచ్చు పనికాదు. మదరాసు హైకోర్టులో విచారణ జరిగినది. ముద్దాయి విడుదలయ్యెను.

“అయినచో ఫలమేమి?” అని మీరడుగవచ్చును. వ్యాజ్యము ఓడినమాట నిజమే. కాని నాటి న్యాయస్థానమున దొరకొక తూకము, దేశీయునకొక తూకము ఉన్నదని ప్రజలు కన్నులార చూచిరి. హంపన్న పేర స్మారకశిల నిలిచినది. వ్రాసినవాడు లేకున్న నేడు నే నాతని పేరు చెప్పగలిగెడివాడను కాను. ధైర్యము చేసినవానికి సాక్షి యగుటయు ధైర్యమే.

మూడవది అధికారములో నున్నవారి ధైర్యము. 1876 మొదలు 1878 వరకు పట్టిన ధాతుకరవు మీ తాతముత్తాతల నోట విన్నదే. అప్పటి బళ్లారిజిల్లాలో, అనగా నేటి మన సీమ కూడ చేరిన జిల్లాలో, జనము సుమారు ఐదవవంతు తగ్గినది. ఖర్చు తగ్గింపుమని పైప్రభుత్వము పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు, కరవుపనులలో రాళ్లుకొట్టు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానితోపాటు స్వల్పముగ డబ్బును చాలునని 1877లో నిర్ణయించెను. పౌననగా అరకిలోకంటె తక్కువ. మదరాసు ఆరోగ్యశాఖాధిపతియైన డాక్టరు కార్నిషు, ఈ తిండితో కష్టముచేయు మనుష్యుడు నిలువజాలడని బహిరంగముగ వాదించెను. తనకంటె మిక్కిలి పైవానితో ఉద్యోగి తలపడుట సామాన్యము కాదు. ఆ సంవత్సరము మే నెలలోనే మదరాసు ప్రభుత్వము కూలి తిరిగి పెంచెను.

అంతకుముందటి మాట యింకొకటి. 1800లో నైజాము ఈ జిల్లాలను కుంఫిణీకి దత్తము చేయగా, మన్రో ప్రధాన కలెక్టరై 1807 వరకు పాలించెను. భూములు కొలిపించి శిస్తు కట్టినవాడాతడే. ఆదాయము పెంచినందుకు పైవారి మెప్పు పొందినవాడును ఆతడే. అట్టివాడు 1807 ఆగస్టు 15న పైవారికి వ్రాసి, ఈ శిస్తు రైతు మోయలేడు, నూటికి 25 వంతున తగ్గింపుడు, బావులక్రింద చెరువులక్రింద భూములకు మరి 8 తగ్గింపుడని కోరెను. తాను కట్టిన లెక్క హెచ్చని తానే చెప్పుట! కుంఫిణీవారు వినలేదు. గ్రామములను గుత్తల కిచ్చి చూచిరి. ఆ గుత్తలు చెడినవి. 1820లో మన్రో మదరాసు గవర్నరుగా వచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. ఆతడు కుంఫిణీ సేవకుడే, మన కోరికపై వచ్చినవాడు కాడు. అయినను పదమూడేండ్లు ఒక మాట విడువకుండుట పెద్దరికము వహించువారు నేర్వదగినది.

ఈ కథలు మనకెందుకు? గేటు వంటిది, లెక్క వంటిది మన ఊరిలోను కలదు. చెరువు నిండిన యేట నీరుగంటి వంతులవారిగా నీరు వదలవలెను. పైమడివాడు బలవంతుడైనచో దిగువమడి పేదవాని వంతు ఏమగునో మీకు తెలియును. ఆ సమయమున నీరుగంటి వెనుక ఒక పెద్దమనిషి వచ్చి నిలుచుట చిన్నపనియే. కాని ఒక కుటుంబపు పంట దానిపై నాధారపడి యుండును.

2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలపు బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశమునకంతకు ప్రారంభమయినది. కార్నిషు వాదించిన కూలివాని మనుమల మనుమలకు పని చట్టప్రకారము హక్కయినది. పిమ్మట జరిగిన సామాజిక తనిఖీ సభలలో కూలివారు పదిమంది యెదుట లేచి, తమ పేర పడిన దొంగలెక్కలను చదివించి ప్రశ్నించిరి. మరునాడు పని యిచ్చువాని మొగము చూడవలసినవారే లేచి పలికిరి. హంపన్న ధైర్యమునకు వీరు వారసులు.

కావున పెద్దలారా, నే కోరునది గొప్ప త్యాగము కాదు. పంచాయతిలో మీ బంధువుది తప్పయినచో తప్పనుడు. చదువని కాగితముమీద వ్రేలిముద్ర వేయకుడు, వేయనీయకుడు. చదువు మాన్పించి పిల్లకు పెండ్లి చేయబోవు ఇంటికి పోయి, వలదని ఒక మాట చెప్పుడు. సభలో పేదవాడు లేచి నిలిచినప్పుడు, “కూర్చో” అనక “చెప్పు నాయనా” అనుడు. ఇవి వారమున కొకటియైన అలవడినచో, కఠినసమయము వచ్చిననాడు ఊరు తల వంచదు. కరవు మన చేతిలోనిది కాదు. కరవులో ఒకరికొకరు అడ్డు నిలుచుట మన చేతిలోనిదే.