చదువు సెలవు

ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఇంక ఈ వయస్సులో పరీక్షలేమిటి అనేమాట మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు వినలేదూ? మనమే అని కూడా ఉంటాం. కాని సర్కారు నౌకరీ చేసేవాళ్ళు పై చదువుకు వెడతామంటే, ఉద్యోగం పోకుండా, ఎంతో కొంత జీతంకూడా ఇచ్చి పంపే ఏర్పాటు మన దేశంలో వందేళ్ళ కిందటే వచ్చింది. ఆ కథ కాస్త చెబుతాను వినండి.

అంతకుముందు పై చదువంటే ఎవరో ఒకరి దయ. 1895లో పదహారేళ్ళ సరోజినీదేవి ఇంగ్లండు వెళ్ళిందంటే నిజాం ప్రభువు ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద వెళ్ళింది. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి మరీ కష్టం. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్న మనిషి, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయమూ, మామగారి డబ్బూ చూసుకుని అమెరికా ఓడ ఎక్కారు. హార్వర్డులో చదివారు, ప్రపంచానికి మందులు కనిపెట్టారు. 1948లో అక్కడే పోయారు గాని తిరిగి రాలేదు. ఆయన గొప్ప తలచుకున్నప్పుడల్లా నాకు ఇక్కడ ఉండిపోయిన భార్య శేషగిరిగారే గుర్తొస్తారు. చదువు ఖర్చు లెక్కల్లో ఆవిడ పద్దు ఎవరూ రాయలేదు.

1922 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులకు ఫండమెంటల్ రూల్సు అని వచ్చాయి. అందులో 84వ నిబంధన ఈ చదువు సెలవుది. పాత పద్ధతిలో సగం జీతమే. అయినా సర్వీసు తెగదు, తిరిగొస్తే కుర్చీ ఉంటుంది. అదే పెద్ద ధీమా. కేంద్ర ఉద్యోగులకు 1972లో వచ్చిన సెలవు నిబంధనల ప్రకారం మామూలుగా అయిదేళ్ళ సర్వీసు ఉండాలి, మొత్తం సర్వీసులో ఇరవైనాలుగు నెలలకు మించకూడదు, చదివే చదువుకూ చేసే పనికీ సంబంధం ఉండాలి. రిటైరవబోయేవాళ్ళకు ఇవ్వరు, న్యాయమేగా!

ప్రభుత్వం మనిషిని పంపి చదివిస్తే ఏమవుతుందో చూడాలంటే మన గుంటూరు జిల్లాలోనే ఉన్నారు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు ఇంట పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు. కాశీలో ఇండస్ట్రియల్ కెమిస్ట్రీ చదివి, మద్రాసులో తోళ్ళ పరిశ్రమకు సంబంధించిన ప్రభుత్వ సంస్థలో చేరారు. ఆ రోజుల్లో రైతుబిడ్డ తోలుపని నేర్చుకుంటానంటే ఊళ్ళో ఏమనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి. మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ప్రత్యేక శిక్షణకు ఇంగ్లండు పంపింది. అట్నుంచి అమెరికా వెళ్ళి లీహై విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సూ, పీహెచ్‌డీ కూడా చేశారు. ఈయన తిరిగి వచ్చారు. 1958లో మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు, 1971లో దేశంలోని ఎన్నో శాస్త్రపరిశోధనశాలలకు పెద్దదైన సి.ఎస్.ఐ.ఆర్.కు డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్‌లో కనిష్క విమానం కూలినప్పుడు అందులో పోయారు, పాపం.

ఇంత పెద్దవాళ్ళ సంగతి అలా ఉంచండి. గుంటూరు నుంచి మా తుళ్లూరు వచ్చే దారిలో లాం ఫారం తగులుతుంది. 1922 నుంచీ ఉన్నదది. మిరప, పత్తి రకాల మీద అక్కడ పరిశోధన చేస్తారు. మా పినతండ్రిగారి అబ్బాయి వ్యవసాయశాఖలో పనిచేస్తూ బాపట్ల కాలేజీకి ఎమ్మెస్సీకి వెళ్ళాడు. ఆ రెండేళ్ళు వాళ్ళావిడ చంటిపిల్లతో పుట్టింట్లో కొన్నాళ్ళు, అత్తింట్లో కొన్నాళ్ళు గడిపింది. సగం జీతంలో పాలవాడికీ, ఇంటద్దెకీ పోగా పుస్తకాలకు తన గొలుసు తాకట్టు పెట్టింది. "పురుగులమందు సంగతి తెలుసుకోవడానికి రెండేళ్ళా?" అని మా అత్తయ్య దెప్పేది. 1984-85లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలమీద తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో శనగపచ్చ పురుగు దిగింది. కొట్టిన మందే మళ్ళీ కొడుతుంటే పురుగు దానికి అలవాటు పడి చావడం మానేసింది. మందుల అప్పు తీర్చలేక రైతులు ప్రాణాలే తీసుకున్నారు. మందు అమ్మేవాడి మాట కాకుండా చదువుకున్నవాడి మాట ఒకటి ఊళ్ళో ఉండవలసిన అవసరం అప్పుడు తెలిసింది మా అత్తయ్యకు. దెప్పడం మానలేదనుకోండి!

ఇందులో మనం చూసుకోవలసిన కాగితం ఒకటుంది. సెలవు ఇచ్చేముందు బాండు రాయించుకుంటారు. చదువు అయ్యాక ఇన్నేళ్ళు పనిచేస్తాను, మానేస్తే ఇచ్చిన డబ్బు వడ్డీతోసహా కడతాను అని. దానికి జామీను సంతకాలూ అడుగుతారు. మీ ఆయనో, తమ్ముడో ఆ కాగితం తెస్తే ఎన్నేళ్ళ గడువు, ఎంత సొమ్ము అని అడిగి చదివించుకోండి. మీరే ఉద్యోగం చేస్తున్నారా, ఈ సెలవు మీకూ ఉంది. నిబంధనలో మగా ఆడా అనే తేడా లేదు. అడిగే ఆడవాళ్ళే తక్కువ. అప్లికేషను కంటే ముందు వంటింటి సంగతి తేల్చుకోవాలి మరి.

సగం జీతంతో రెండేళ్ళు నెట్టుకురావడం అందరివల్లా అవుతుందా? పుట్టింటి గొలుసు లేని ఇళ్ళూ ఉన్నాయి కదండీ. 1954-55 నుంచి కేంద్ర ప్రభుత్వం వెనుకబడిన కులాలవారిలో విదేశాలకు వెళ్ళి చదివేవారికి స్కాలర్‌షిప్పులు మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 1977లో షెడ్యూల్డు కులాల, తెగల ఉద్యోగులు పై చదువుకు సెలవు పెడితే పూర్తి జీతం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది.