నీళ్లు లేని కాలువ నగరం: వసంత్ కుంజ్ నుంచి షాజహానాబాద్‌కు ఒక రోజు

వసంత్ కుంజ్‌లో దిగి ఒక్క రోజులో పాత ఢిల్లీ చూడాలనుకునేవారు ముందు ఏ వారమో చూసుకోవాలి. సోమవారం ఎర్రకోట మూసి ఉంటుంది. ఛత్తర్‌పూర్‌లో ఎల్లో లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా చాందినీ చౌక్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి కోటకు నడక దూరమే.

షాజహాన్ 1639లో మొదలుపెట్టిన షాజహానాబాద్ ఒకప్పుడు కాలువ నగరం. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో యమున నుంచి తవ్వించిన కాలువను బాగుచేయించి నీళ్లు తెచ్చారు. ఒక పాయ చాందినీ చౌక్ నడిమధ్యనే పారేది. కూతురు జహనారా వేయించిన ఆ బజారుకు పేరొచ్చింది కూడా కొలనులో మెరిసిన వెన్నెల వల్లేనంటారు. ఆ కాలువ ఎప్పుడో పూడిపోయింది. వీధిలో వెతికితే నిరాశే.

ఆనవాలు మిగిలింది కోటలోనే. అందుకే ఉదయమంతా దానికే కేటాయించడం మంచిది. చాలామంది లాహోరీ దర్వాజా గుండా వచ్చి, దీవాన్-ఎ-ఆమ్ చూసి, రంగ్ మహల్ ముందు ఫొటో దిగి వెనుదిరుగుతారు. అలా చూస్తే కాలువ దారి అర్థం కాదు. ముందు ఈశాన్య మూలనున్న షా బుర్జ్‌కు వెళ్లాలి. నీళ్లు కోటలోకి వచ్చింది అక్కడే. అక్కడి నుంచి దక్షిణంగా హమామ్, దీవాన్-ఎ-ఖాస్, ఖాస్ మహల్ మీదుగా రంగ్ మహల్‌లోని పాలరాతి తామర తొట్టి దాకా పారిన ఈ కాలువ పేరు నహర్-ఎ-బహిష్త్, అంటే స్వర్గపు కాలువ. మందిరాల లోపలికి వెళ్లనివ్వకపోయినా, ఎండిన కాలువ జాడ బయటి నుంచి కనిపిస్తుంది.

మధ్యాహ్నం జామా మసీదు. నమాజు వేళల్లో సందర్శకులను అనుమతించరు కాబట్టి శుక్రవారం పెట్టుకోకపోవడమే మేలు. సాయంత్రం ఫతేపురి మసీదు దాకా చాందినీ చౌక్‌లో నడవవచ్చు. పగటిపూట అక్కడ మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. నడవలేని పెద్దలకు సైకిల్ రిక్షాలున్నాయి.